బియ్యం డ్రమ్ముల ఫోన్

నర్మదా,

పొద్దున నువ్వు ఒలకబోసిన బియ్యం చేటల ఎత్తిపెట్టిన. గవే మంచిగ కడిగి కుక్కర్ల పెట్టు. పప్పు చేసిన, కడుపునిండ తిను.

ఇగ ఫోన్ చూడ, దాచిపెట్టుమని రాత్రి నువ్వే ఇస్తివి. నేను బియ్యం డ్రమ్ముల పెట్టిన. తెల్లారంగనే నువ్వే తవ్వి తీసి, "నేను దేనికీ పనికిరాను" అని ఏడిస్తివి. షుగరున్నదని తెల్సి గూడ నిన్న నేను మైసూర్‌పాక్ తిన్న. నన్ను నేను గట్ల తిట్టుకున్ననా?

ఫికర్ చెయ్యకు, రాత్రికి మళ్ల దాస్త. ఈసారి బియ్యంల వద్దు, ఏరలేక నా నడుము పోతున్నది.

రావిర్యాల కంపెనీ బస్సు హారన్ కొడుతున్నది, పోతున్న.

అమ్మ

ఇంకోటి. నా బిడ్డను పనికిరాదని ఎవరన్న అంటే వాళ్లింటికి పోయి కొట్లాడొస్త. నువ్వే అంటే నేను ఎవరింటికి పోవాలె?