జంపక్క పేరు కింద ఒత్తు

చందన వాళ్ల నాయనా,

మా అమ్మకు జ్వరమని ఫోనొచ్చింది, ఏన్కూరు బస్సుకు పోతున్నాను. అన్నం, పప్పుచారు పొయ్యి మీదే ఉన్నాయి.

తేనె అమ్మే జంపక్క సీసాల లేబుల్ ఈ రోజే ప్రెస్సుకు పంపాలి. ఫైలు తెరవగానే "ఫాంట్ లేదు, వేరేది పెట్టనా" అని కంప్యూటర్ అడుగుతుంది. ఓకే నొక్కొద్దు. తనకు తోచిన ఫాంట్ పెట్టేస్తుంది, ఒత్తులు ఊడిపోతాయి. ఫైలు మూసేసి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫాంట్ ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ తెరవండి. అక్షరాలు కుదిరాక వాటిని కర్వ్స్‌గా, అంటే గీసిన బొమ్మలాగా, మార్చి పంపండి. అప్పుడు ప్రెస్సు వాళ్ల దగ్గర ఆ ఫాంట్ లేకున్నా చెదరవు.

పోయినసారి "జంపక" అని అచ్చయితే, "ఎవరు చూస్తరు తియ్" అన్నారు మీరు. ఆమె చూసింది. "నా పేరుకు కాలిరిగింది బిడ్డా" అని నవ్వి, అవే అంటించుకుని భద్రాచలం సంతకు పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మధ్యాహ్నం జంపక్క వస్తుంది, పంపేముందు ఆమెకు చూపించండి.

— కమల

ఇంకో మాట. ఒత్తులు మీ కళ్లకు ఆనడం లేదని నాకు తెలుసు. బస్సు బోర్డులు చందనతో చదివించుకోవడం చూస్తూనే ఉన్నాను. నేను రాగానే కళ్ల డాక్టరు దగ్గరికి పోదాం. మీ మొహానికి అద్దాలు బాగుంటాయి.