కొత్త ఢోలక్ మనిషి

శనివారం రాత్రి, కెల్లీవిల్

మా భజన బృందంలో ఢోలక్ వాయించే రమేశ్ ఆసుపత్రి ఉద్యోగమొచ్చి ఎక్కడో దూరాన ఉన్న డార్విన్ నగరానికి వెళ్ళిపోయాడు. ఎందరినో బతిమాలాక ఇవాళ ఒకడు దొరికాడు. పేరు కార్తీక్. బాగానే వాయించాడు, కాదనను. రెండో పాటకే చెయ్యి ఆపి, "ఆంటీ, మీ శ్రుతి మరీ తక్కువగా ఉంది. పెంచుదాం, ఎనర్జీ వస్తుంది," అన్నాడు.

అంత శ్రుతి నా గొంతుకు అందదని చెల్లెలు సుధకు తెలుసు. తెలిసీ, "ఇకమీద ముందు నేను పాడతాలే అక్కా, నువ్వు తాళాలు వెయ్యి. ఇతనూ పోతే మళ్ళీ ఎక్కడ వెతుకుతాం?" అంది.

బృందం పెట్టిన నాటినుంచీ ముందు పాడింది నేను. తాళాలు అందుకున్నాను. ప్రసాదం కూడా అతనికే ముందు పెట్టాను.

అందరూ వెళ్ళాక దీపంలో నూనె పోసి, కార్తీక్‌కు కూడా డార్విన్‌లో మంచి ఉద్యోగం రావాలని మొక్కుకున్నాను.

సుధకు ఏం కోరాలో ఇంకా తోచలేదు.