చీనీరసం గురించి నేను రాసింది

మంగళవారం, రాత్రి

నాయనకు జ్వరం వచ్చి ఇవాళ్టికి నాలుగో రోజు. ఒంటి మీద ఎర్రటి మచ్చలు కూడా లేచాయి. డెంగీ ఏమో, అనంతపురం వెళ్లి రక్తపరీక్ష చేయించుకుందామని పొద్దున్నుంచీ బతిమాలుతున్నాను. ఆయనేమో మా తోట చీనీకాయల, అదే బత్తాయిల, రసమే మందన్నట్టు గ్లాసు మీద గ్లాసు తాగుతున్నాడు.

సాయంత్రం ఓపిక నశించి అరిచాను. "విటమిన్ సితో డెంగీ పోదు నాయనా!"

"పోతాదని రాసింది నువ్వే గదమ్మా," అంటూ ఫోన్ చూపించాడు.

నేనే. పోయిన నెల కాయలు అమ్ముడుపోవాలని, కొనేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "రోజుకు రెండు గ్లాసుల చీనీరసం, ఏ వైరల్ జ్వరమైనా పరార్." బయోకెమిస్ట్రీ చదివినదాన్ని!

"అమ్ముకోవడానికి రాసినా నాయనా. అది నిజం కాదు."

నాయన చేతిలోని గ్లాసు పక్కన పెట్టాడు. "సరే, పొద్దున బస్సుకు పోదాం. మన కాయలు కొన్నోళ్లకు ఎవరు చెప్తారు మల్ల?"

ఇందాకే గ్రూపులో పెట్టాను: నేను రాసింది తప్పు, జ్వరముంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి అని. కొత్తచెరువు నుంచి ఒకామె వెంటనే జవాబిచ్చింది.

"ఏమక్కా, మా పాపకు జ్వరమని మూడు దినాలుగా అదే తాపుతాండామే!"

అప్పటి నుంచీ ఆమెకు ఫోన్ చేస్తున్నాను. ఎత్తడం లేదు...