అంతా అసలేనన్న మాట

చెల్లాయికి,

నిన్న పన్నుల ఆఫీసులో నీ ముఖం చూడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు కుట్టుమిషను పెట్టుకున్న నా షాపు గదిని కొంటానన్నప్పుడు బ్యాంకు అప్పివ్వలేదు. "నెలనెలా నాకే కట్టు, కాస్త వడ్డీ వేసుకుంటాను" అన్నది నేనే. నాలుగేళ్లుగా నువ్వు ఒక్క నెల తప్పలేదు. కట్టిన వడ్డీని నా పేరుతో సహా నీ లెక్కల్లో చూపించావు. నేను మాత్రం అది నా ఆదాయమని ఎక్కడా రాయలేదు. అసలు కంటే వడ్డీ ముద్దంటారు కదా, ఆ ముద్దునే దాచుకున్నాను.

చివరికి లేని వడ్డీ చూపించావని నోటీసు నీకు వచ్చింది. ఆఫీసరు నన్ను పిలిపించి అడిగితే, "వడ్డీ ఏమీ లేదండీ, అంతా అసలే" అనేశాను. నేను రాసిచ్చిన రసీదులు నీ సంచిలోనే ఉన్నాయి. తీయబోయి ఆగిపోయావు. "అన్నయ్య మర్చిపోయుంటాడు సార్" అన్నావు. నాలుగు తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

ఈ ఉదయం ఒక్కణ్ణే వెళ్లి నిజం రాసి సంతకం పెట్టాను. పన్నూ జరిమానా కట్టేశాను. నీ నోటీసు రద్దు చేస్తామన్నారు. "మీ చెల్లెలికి చెప్పారా?" అని ఆఫీసరు అడిగాడు. ఇప్పుడే వెళ్లి చెబుతానన్నాను.

వచ్చాను కూడా. నువ్వు ఎవరికో జాకెట్టు కొలతలు తీస్తూ నవ్వుతున్నావు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తగ్గాను. పక్క షాపాయన చేత ఇది పంపిస్తున్నాను. చదివాక రమ్మనాలనిపిస్తే ఒక్క కేక వెయ్యి. బయట మెట్ల మీదే ఉన్నాను.

అన్నయ్య