గోడ మీద పెట్టిన పళ్ళెం

25 డిసెంబరు 2009, యలహంక

మా ఆయనకు స్వైన్ ఫ్లూ తగ్గి నాలుగు రోజులైనా చర్చికి వెళ్ళలేదు. ఇంట్లోనే ప్రార్థన చేసుకుని పాటలు పాడుకున్నాం. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని పండక్కి చేసే గులాబీ పువ్వుల పిండివంట నూనెలో వేయించాను. పక్కింటికి మాత్రం పంపలేదు.

మధ్యాహ్నం పక్కింటి రత్నమ్మక్క గోడ మీదుగా పిలిచింది.

"ఏమ్మా, పండగ మీ ఇద్దరిదేనా? మా పాప పొద్దుట్నుంచీ కాసుకోని ఉండాది."

"ఆయనకు జ్వరం వచ్చిపోయింది కదక్కా."

"కాగే నూనెలో జ్వరం బతుకుతాదా? గోడ మీద పెట్టి పో."

పెట్టి వచ్చేశాను. సాయంత్రం అక్క ఆ పళ్ళెంలోనే పిడికెడు చక్కెర పోసి గోడ మీద ఉంచింది. సంతోషంగానే అనిపించింది.

కానీ పువ్వులు చల్లారాక పళ్ళెంలో సర్దినవి ఆయనకు సేవ చేసిన నా చేతులే. ఆ మాట అక్కకు చెప్పలేదు. ఆయన పడుకున్నారు. గోడ అవతల పాప దగ్గుతుందేమోనని నేను వింటూ కూర్చున్నాను.