మెట్ల కింది ఎలుగుబంటి

పారిస్,
1920 నవంబర్, ఆదివారం

ప్రియమైన ఒడీల్‌కి,

నీ భర్త ఆన్సెల్మ్ ముద్దులతో రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, పిల్లీ, కింద వాకిలి కాసే మదాం పిషో. అక్కడ నువ్వూ, మీ అక్కయ్యా బాగున్నారని తలుస్తాను. కెంపేర్ వానల్లో నీ మోకాళ్లు జాగ్రత్త.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. బొగ్గు దొరుకుతోంది, తడిబొగ్గే అయినా. తింటున్నాను. మదాం పిషో చారు పంపిస్తూ, "మీ ఆవిడ వచ్చేసరికి మీరు ఊదే ఆ ఓబో గొట్టం కన్నా సన్నబడితే నన్నంటుంది" అని సతాయిస్తోంది. ఆట గోడపత్రిక మీద మన అబ్బాయి రెమీ పేరు పెద్ద అక్షరాల్లోనే వేశారు. చనిపోయినవాళ్ల పేరు పక్కన వేసే శిలువ గుర్తు మాత్రం నేనే వద్దన్నాను. పిల్లలు చూడవచ్చే ఆటకి అదెందుకు?

ఆటలో ఎలుగుబంటి వాడు రాసినట్టే తెల్లది. చెవి చిరిగే ఉంది. రెమీ స్నేహితుడు గాస్పార్ ఆ చెవి కోసం దర్జీతో పోట్లాడాడట. మనవాడు పియానోకి రాసి వదిలేసి యుద్ధానికి పోయినదాన్ని మొత్తం వాద్యబృందానికి విస్తరించింది గాస్పారే కాబట్టి, ఆ మాత్రం పోట్లాడే హక్కుంది. నడవాలో కొక్కేలకి వేలాడే కోట్లన్నీ దిగివచ్చి నాట్యమాడతాయి. నా పాత ఓవర్‌కోటుని చూసి చిన్నప్పుడు రెమీ జడుసుకునేవాడే, అదే అందరికన్నా ముందు వంగి దండం పెడుతుంది. ఎలుగుబంటి పాటని గాస్పార్ ఓబోకి ఇచ్చాడు. వినడానికి ఏమీ ఉండదు, నాలుగు స్వరాలు అటూ ఇటూ తిరుగుతాయి, కానీ గుండె పట్టేస్తుంది.

నేనెలా వాయించానని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ దాటేశాను. ఇప్పుడు చెప్తాను, కోప్పడకు.

నేను వాయించలేదు.

అభ్యాసం మొదటిరోజున ఆ పాట దగ్గరికొచ్చేసరికి పెదవి వణికింది. గాలి ఊదాను గాని స్వరం రాలేదు. బృందనాయకుడు కర్ర దించి, "ఏం మెస్యే, మన ఎలుగుబంటికి జలుబు చేసిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనెవరి తండ్రినో అప్పుడు గుర్తొచ్చి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. రెండోరోజూ అంతే. ఇక మా వాద్యగాళ్ల ఆనవాయితీ ఉందిగా, మనం రాలేనప్పుడు మన కుర్చీలో బదులు మనిషిని కూర్చోబెట్టడం, ఎందుకని ఎవరూ అడక్కపోవడం. ఫెర్నాన్‌ని పంపాను. "పెళ్లికి కూడా బదులు మనిషిని పంపుతాడేమోనని హడలిపోయాను" అని మీ నాన్న నన్ను ఏడిపించేవాడు చూడు. చివరికి కొడుకు పాటకి పంపాను, ఒడీల్. సిగ్గుగా ఉంది.

ఇంట్లో కూర్చోలేక గురువారం పగలు పిల్లల కోసం వేసే ఆటకి వెళ్లాను. పై బాల్కనీలో చోటు దొరికింది. బడి సెలవు కదా, అంతా గోల, నారింజ తొక్కల వాసన. ఇన్నేళ్లుగా వేదిక కింద వాద్యబృందం గుంటలో దానికి వీపు పెట్టి కూర్చున్నవాణ్ణి, పైన ఏం జరుగుతుందో నాకేం తెలుసు? రెమీ కాగితాలు గాస్పార్‌కి ఇచ్చింది కూడా నువ్వే. నేను విప్పి చూడలేకపోయాను.

ఆట చివర్లో తలుపు తాళం తిరిగిన చప్పుడవుతుంది. కోట్లు కొక్కేలెక్కుతాయి, ఎలుగుబంటి మెట్ల కిందికి దూరుతుంది. వాటితో ఆడుతున్న పిల్లాడు ఒక్క దూకులో మంచమెక్కి కళ్లు మూసుకుంటాడు. చంకలో చిన్న వాద్యం పెట్టెతో ఒక మనిషి వస్తాడు. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడిచి, మంచం మీదికి వంగి చూస్తాడు. దుప్పటి సర్ది వెళ్లిపోతాడు. అక్కడ వయొలిన్లే తప్ప ఓబోకి పనిలేదు. గుంటలో ఉంటే తల వంచుకుని వాద్యం తుడుచుకుంటూ ఉండేవాణ్ణి.

నా ముందు వరసలో మామ్మతో వచ్చిన ఒక పాప నిలబడి వేదిక మీది మనిషిని కేకేసింది.

"మెస్యే, వాడు నిద్రపోలేదు! దొంగనిద్ర!"

హాలంతా నవ్వింది. నేను టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

పగలు రెమీ బడికి, రాత్రి నేను నాటకశాలకి. వాడి చిన్నతనమంతా నేను చూసింది నిద్రపోతున్న ముఖమే అనుకుని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. లేపకూడదని ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. మెలకువగా ఉన్నాడు, ఒడీల్. నేనొచ్చేదాకా రోజూ మెలకువగానే ఉన్నాడు. నీకు తెలుసా? తెలిస్తే ఒక్కమాట రాయి. తెలియకపోతే వచ్చి చూడు.

వచ్చే గురువారంతో ఆట ఆఖరు. "మొదటి స్వరానికే అరిచేస్తాను, అందుకే రాను" అని రాశావు. అక్కడ అందరూ అరుస్తారు, నిన్నెవరు పట్టించుకుంటారు? బుధవారం రైలెక్కు. పెళ్లయిన దగ్గర్నించీ నువ్వు పైన, నేను గుంటలో. ఒక్కసారి నీ పక్కన కూర్చుంటాను. ఆ మనిషి వంగి చూసేటప్పుడు నా చెయ్యి పట్టుకో, లేకపోతే లేచి రెమీ అని పేరు పెట్టి పిలిచేస్తానేమో.

ఇట్లు,
రెమీ నాన్న,
ఆన్సెల్మ్