చిటికెడు దాణా

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బర్రె మొన్న ఈనింది, ఆడదూడ. ఆ మాట చెవినపడి బోథ్ బజార్లో సంచి దాణా అమ్మేవాడు ఇవాళ పొద్దున్నే మన కొట్టానికి వచ్చాడు. నేను గంపలో మక్కపిండి, పత్తిగింజల చెక్క, కంది పొట్టు, తవుడు, ఉప్పు కలుపుతుంటే చూసి నవ్వాడు.

"గీ కలుపుడు మీ అవ్వతోనే పోయిందమ్మా. ఎందుకు పరేషాన్? నా సంచి తీస్కో, లేకుంటే పాలియ్యది."

"మక్కలు, పొట్టు మా చేన్లయే. కొనుడు చెక్క, తవుడే. నీ సంచి నాకెందుకు?"

వాడు వినకుండా నమూనా పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. నీ పద్ధతి గుర్తొచ్చింది. ఏ దాణా అయినా చిటికెడు నీ నోట్లో వేసుకుని, బూజు లేదని తేలాకే బర్రెకు పెట్టేదానివి. బడికి పోయే రోజుల్లో దోస్తులు చూస్తారేమోనని సిగ్గుతో చచ్చేదాన్ని.

పొట్లం వాడి వైపే జరిపాను. "జర నోట్లేసుకో."

"గొడ్ల దాణా మనుషులు తింటరా?"

"మా ఇంట్ల తింటరు."

నా గంపలోంచి చిటికెడు కాదు, గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాను. వాడి మొహంలోకి చూస్తూనే నమిలి మింగాను. వాడు పొట్లం మడిచి బండెక్కాడు.

బండి మలుపు తిరిగేదాకా ఆగి, రెండు చెంబుల నీళ్లు తాగాను. ఉప్పు ఎక్కువైందవ్వా. ఇంకో చేటెడు తవుడు కలిపి, మళ్లీ చిటికెడు నోట్లో వేసుకున్నాకే బర్రెకు పెట్టాను. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పను.